ఒకటో సాంచా, నాలుగో సాంచా

మా అన్న చేసిన పింగాణీ రింగులు కొన్ని నా దగ్గర ఒక అగ్గిపెట్టెలో ఉన్నాయి. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. మీగడ రంగు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెకు పక్కన ఒక రంధ్రం ఉంటుంది. నాడె కడుపులో ఉన్న కండె నుంచి పేక దారం ఆ రంధ్రం గుండానే బయటికి వస్తుంది. చెక్కకు రాసుకుంటే చెక్కా పాడవుతుంది, దారమూ తెగుతుంది. అందుకని అక్కడ పింగాణీ రింగు బిగిస్తారు. మావాళ్లు దాన్ని నాడె కన్ను అంటారు. ఎంత గట్టి పింగాణీ అయినా రోజంతా దారం ఒకేచోట రాసుకుంటూ పోతే గాడి పడుతుంది. గాడి పడ్డ కన్ను దారాన్ని కోస్తుంది.

తక్కువ అరిగే కన్ను చేయాలని మా అన్న కోరిక. చేశాననే అనుకున్నాడు. బజారులో దొరికే కన్నుతో పోలిస్తే ఇది సగమే అరుగుతుందని పేటెంటుకు దరఖాస్తు కూడా పెట్టాడు. ఆ మాట నిలుస్తుందా లేదా అని తేల్చే పని, అన్న పోయాక, నా మీద పడింది. నేను ఆ పనికి తగినదాన్నని ఎవరూ అనుకోలేదు. నేను కూడా అనుకోలేదు. కానీ పరీక్ష లెక్కలు రాసిన చెయ్యి నాదే.

మేము ఉత్తర తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన నేతవాళ్లం. ఆ ఊళ్లోనే ఉధ్నా పేటలో కింద షెడ్డు, పైన రెండు గదులు. షెడ్డులో ఆరు సాంచాలు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అనే అంటారు. చిన్నప్పుడు నాన్న ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు మారుతూ ఉండేవాడు. ఏ బడిలోనూ నా పేరు నిలవలేదు. నాన్నే నాకు చదువు చెప్పాడు. పడుగు దారం చుట్టిన బీముకు పక్కన ఇనుప పళ్లెం ఉంటుంది కదా, దాని మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవాడు. బట్ట నేసేకొద్దీ బీము నెమ్మదిగా తిరుగుతుంది. ఆ అక్షరం తలకిందులయ్యే లోపల నేను దాన్ని నేర్చుకుని ఉండాలి. అలా నేర్చుకున్న అక్షరాలు, మీటర్ల లెక్క కట్టి నేర్చుకున్న కూడికలు, ఇవే నా చదువు. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టినప్పుడు ముందు వాటికే దండం పెట్టుకుంటాను. నాకు పెళ్లి కాలేదు. అన్నా వదినలు నన్ను ఏనాడూ బరువని అనలేదు. అదీ దేవుడి దయే.

షెడ్డులో తలుపు పక్కన ఉన్నది ఒకటో నెంబరు సాంచా. దాని ఎదురు గోడకు దేవుని పటం. అందుకని దాన్ని దేవుని సాంచా అనేవాళ్లం. నాన్న కాలం నుంచి దానికి ఒక కట్టడి ఉంది. దేవుని ఎదురుగా మెరిసే దారమే ఆడాలి, మసక దారం ఆడకూడదు. సూరత్‌లో పాలిస్టర్ దారం రెండు రకాలుగా వస్తుంది. మెరిసేదాన్ని బ్రైట్ అంటారు, మెరుపు లేనిదాన్ని డల్ అంటారు. చీరల బట్ట బ్రైట్‌తో, లోపలి అస్తరు బట్ట డల్‌తో నేస్తాం. మిగిలిన అయిదు సాంచాల మీద ఏది దొరికితే అది. ఒకటో దాని మీద మాత్రం ఎప్పుడూ బ్రైట్ పేకే. ఇంకో అలవాటు కూడా ఉండేది. షెడ్డులోకి కొత్తది ఏది వచ్చినా, అది బెల్టు ముక్క కానీ బోల్టు కానీ, ముందు దేవుని సాంచాకే పెట్టేవాళ్లం. మా వైపు నుంచి వచ్చినవాళ్ల షెడ్లు ఇంకా రెండు మూడింటిలో కూడా ఈ పద్ధతి ఉంది.

అన్న పగలు సూరత్ దగ్గరి కిమ్ ఊళ్లో ఒక పింగాణీ కార్ఖానాలో పని చేసేవాడు. పొద్దున లోకల్ రైల్లో పోయి సాయంత్రానికి వచ్చేవాడు. పొళ్లు కలపడం, అచ్చు వేయడం, బట్టీలో కాల్చడం అక్కడే నేర్చుకున్నాడు. యజమాని మంచివాడు. బట్టీలో ఒక మూల అన్నకు వదిలేవాడు. పింగాణీ పొడిలో ఇంకో పొడి కాస్త కలిపితే రింగు గట్టిపడుతుందని అన్న రెండేళ్లు తంటాలు పడ్డాడు. పగిలినవి ఎన్నో. చివరికి ఒక చలికాలం సాయంత్రం అగ్గిపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చెల్లె, జర జాగ్రత్త. కిందవడితే నా రెండేండ్లు వడ్డట్టే."

మరునాడు షెడ్డులో రెండు నాడెలు పట్టుకుని నిలబడ్డాడు. ఒకదానికి తన కన్ను బిగించాడు, ఇంకోదానికి బజారు కన్ను.

"నలభై దినాలు ఉరికిచ్చి తూకమేస్త. ఏదెంత అరిగిందో గప్పుడు తెలుస్తది. రెండిటినీ నాలుగో దాని మీద మార్చి మార్చి పెడ్దామనుకుంటున్న," అన్నాడు.

"నాలుగో దాని మీద డల్ ఉరుకుతుంది గదన్నా," అన్నాను. "మొదటిపాలి చేసినవ్. మసక దారంతోటి మొదలువెడ్తవా? నీది దేవుని సాంచాకు పెట్టు. బజారుది నాలుగో దానికి పెట్టుకో."

అన్న తల గోక్కున్నాడు. "గట్లనా..."

మా దగ్గర ఇరవై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్న కాక పక్కనే ఉన్నాడు. మా ఊరి వైపు మనిషే. అన్నను ఏడిపించకుండా ఆయనకు పొద్దు పోదు.

"పెట్టు సేటూ. సైన్సుకు జర దేవుని సపోర్టు ఉంటే నీదేం బోతది? రేపు పేటెంటు కాయిదంల ఆయన పేరు గూడ ఎక్కిస్తె అయిపాయె, ఇద్దరు పార్ట్‌నర్లు."

అందరం నవ్వాము. అన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే తన నాడెను ఒకటో సాంచా దగ్గరికి తీసుకుపోయాడు. నేను పసుపు దారం తెచ్చి ఆ సాంచా కొసకు కట్టాను. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే కళ్లు మండుతాయి.

నలభై రోజులు నేను లెక్క రాశాను. నెంబరు, తేదీ, ఎన్ని మీటర్లు, దారం ఎన్నిసార్లు తెగింది. ఒకటి మీద తెగుళ్లు, అంటే దారం తెగడాలు, తక్కువ. నాలుగు మీద ఎక్కువ. ఏ దారం నడిచిందో రాయలేదు. షెడ్డులో అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు?

నలభయ్యో రోజు కన్నులు విప్పి, వీధి చివర వజ్రాలు సానబట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాము. రవ్వలు తూచే ఆయన కాంటా మీద నూకలో పదో వంతు పెట్టినా అంకె కదులుతుంది. పెట్టే ముందూ తూచాము, తీశాకా తూచాము. బజారు కన్ను పోగొట్టుకున్న బరువులో సగం కూడా అన్న కన్ను పోగొట్టుకోలేదు. ఆయన తన కంటి అద్దంతో గాడి చూసి, "తమారు సరస్," అన్నాడు గుజరాతీలో, మీది బాగుందని. ఆ ఆదివారం అన్న అందరినీ డుమస్ తీసుకుపోయాడు. సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తింటూ, "ఈ కన్ను సూరత్ మొత్తం ఉరుకుతదే," అని వదినతో అన్నాడు.

"ముందుగాల ఆ భజియా తిను, సల్లారుతంది," అంది వదిన.

రెండు వారాలకు లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులో బతికినదాన్ని, అది ఆగిపోతే చెవుల్లో ఏదో కారుతున్నట్టు ఉండేది. కూలీలు దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయారు. కాక కూడా పోయాడు. కిమ్ కార్ఖానా మూతపడింది. మాకు తిండికి లోటు రాలేదు. ఎదురింటి గుజరాతీ అమ్మ రోజూ గిన్నెడు కిచిడీ పంపేది. ఆమె పిల్లాపాపలు చల్లగా ఉండాలి.

ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లోనే అన్న ఫోన్ మీద ఒక పేటెంటు ఏజెంటుతో మాట్లాడి దరఖాస్తు పెట్టించాడు. ఏజెంటు ఊళ్లోనే ఉండే పెద్దమనిషి. హిందీలో మాట్లాడేవారు. ఆయన మాటలు నేనిక్కడ తెలుగులోనే రాస్తాను. రెండు రింగులనూ ఒకే పరిస్థితుల్లో పరీక్షించారా అని ఆయన అడిగారు. అన్న పక్కనే నేను వత్తులు చేసుకుంటూ కూర్చున్నాను. అన్న చెప్పినవన్నీ విన్నాను. షెడ్డు ఒకటే, సాంచాల సైజు ఒకటే, నడిపే మనిషి ఒక్కడే. అన్నీ నిజాలే. "ఇంకో పరీక్ష మిగిలి ఉంది సార్, షెడ్డు తెరవంగనే చేస్త," అని కూడా అన్నాడు. ఆయన, ముందు దరఖాస్తు పడాలి, ఎవరు ముందు పెడితే వాళ్లదే హక్కు, పరీక్షలు తర్వాత చూపించుకోవచ్చు అన్నారు. ఆ ఇంకో పరీక్ష ఏమిటని నేను అడగలేదు.

షెడ్డు తెరిచాక కూడా చాలాకాలం రెండు సాంచాలే నడిచాయి. కాక చలికాలానికి గాని తిరిగి రాలేదు. నాలుగో నెంబరు దుమ్ము పట్టి ఉండిపోయింది. అంతా ఒక దారికి వస్తోంది అనుకునేసరికి రెండో వేవ్ వచ్చింది.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. అన్నకు జ్వరం వచ్చింది, తర్వాత ఊపిరి అందలేదు. రెండు ఆస్పత్రులు తిరిగి మూడో దాంట్లో మంచం దొరికింది. తిప్పిన ఆటో అతను మీటరు వైపు చూడలేదు. అతనికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. నాలుగో రోజు అన్న ఫోన్ చేసి, ఒక్కో మాటకు ఆగుతూ అడిగాడు.

"చెల్లె... నాలుగో నెంబరు... నడుస్తుందా?"

"నడిపిద్దామన్నా, నువ్వు రా," అన్నాను.

రాలేదు. మా చేతికి ఇవ్వకుండానే తీసుకుపోయారు.

వానలు పడుతున్న రోజుల్లో పేటెంటు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏజెంటు ఫోన్ చేసి వదినకు చెబితే, వదిన ఫోన్ నా చేతికిచ్చింది. అన్న పోయిన సంగతి విని ఆయన ముందు ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగారు. తర్వాత ఉత్తరం అర్థం చెప్పారు. పరీక్ష అధికారి ఏమంటున్నారంటే, ఈ రెండు పొళ్లు కలిపి పింగాణీ చేయడం ఇంతకు ముందే ఉంది. పాళ్లు కాస్త మార్చినంత మాత్రాన కొత్త సంగతి కాదు. ఆ మార్పు వల్ల ఎవరూ ఊహించనంత మేలు జరిగిందని చూపించాలి. సగమే అరుగుతుందని రాశారు కాబట్టి, ఇప్పుడున్న వాటిలో దీనికి దగ్గరగా ఉన్న రింగుతో, ఒకే దారం మీద, ఒకే పరిస్థితుల్లో పోల్చిన లెక్కలు కావాలి.

"పుస్తకం మీరే రాశారట కదా బెన్. ఆ లెక్కలు నాకు ఫోటో తీసి పంపండి. ఒకే పరిస్థితుల్లో నడిచాయని ఒక అఫిడవిట్ తయారు చేస్తాను. వారసురాలిగా మీ వదిన గారు, లెక్క రాసినవారిగా మీరు సంతకం పెడితే చాలు. జవాబుకు ఆరు నెలల గడువు ఉంది," అన్నారు. బెన్ అంటే గుజరాతీలో అక్క.

వదిన మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

"అంటే ఆయన పేరు నిలవడ్తదన్నట్టే గదా పిల్లా? సర్కారు కాయిదం మీద? సచ్చినంక గూడ?"

"నిలబడ్తది వదినె," అన్నాను.

ఆ సాయంత్రం పుస్తకం తీశాను. పేజీలన్నీ నా రాతే. ఫోటోలు తీసుకుంటూ పోతున్నాను. ఒకటి, తెగుళ్లు తక్కువ. నాలుగు, తెగుళ్లు ఎక్కువ. ఒకే దారం మీద, అన్నారు కదా అధికారి. ఒకటి మీద ఏం నడిచింది? బ్రైట్. నాలుగు మీద? డల్. చెయ్యి ఆగింది. రెండూ పాలిస్టరే, దానికేం అనుకున్నాను. కానీ మనసు ఒప్పుకోలేదు. పుస్తకం పట్టుకుని కింద షెడ్డులోకి దిగి కాకను అడిగాను.

"కాకా, డల్ దారానికి, బ్రైట్ దారానికి నాడె కన్ను అరుగుట్ల ఫరక్ ఉంటదా?"

"అయ్యో, ఉండదా బిడ్డా! డల్ దారంల తెల్లపొడి కలుపుతరు. మెరుపు సంపుటానికి. గా పొడి ఆకురాయి లెక్క పనిచేస్తది. డల్ మీద ఉరికే కన్ను సగం దినాలల్లనే గాడి వడ్తది. గిది షెడ్డుల ఎవ్వరినడిగిన చెప్తరు." అని నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది?"

దేవుని పటం వైపు చూశాను. దాని కింద ఒకటో సాంచా, నేను కట్టిన పసుపు దారం రంగు వెలిసి ఇంకా దాని కొసకే ఉంది. అన్న రెండూ ఒకేచోట పెడతానన్నాడు. వేరుచేసింది నేను. దానికి తోడు ఆ సాంచాను రోజూ పొద్దున నేనే తుడిచేదాన్ని. దుమ్ము తక్కువ, దారం మెత్తన. బజారు కన్నును ఆకురాయి మీద పెట్టి, అన్న కన్నును పూజలో కూర్చోబెట్టి, రెండింటినీ తూచి సంబరపడ్డాము. రెండు చోట్ల ఏ కన్ను ఉన్నా లెక్క అలాగే వచ్చేదేమో. ఏమో. వచ్చేది కాదేమో కూడా. ఆ పుస్తకం అది చెప్పలేదు. ఎంతసేపు చూసినా చెప్పలేదు.

వదినకు చెప్పక తప్పదు. ఆమె బియ్యం ఏరుతోంది. అంతా విని చాట పక్కన పెట్టింది.

"అయితే ఏందంటవ్?"

"సంతకం పెట్టలేను వదినె. ఒకే తీరుగ నడిచినయని రాస్తే అబద్ధమైతది."

"ఎవరికి తెల్సు?"

"నాకు తెల్సు."

"ఓహో. నీకు తెల్సు." వదిన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. "నువ్వు దండం వెట్టుకున్నదానికి నా మొగని పేరు పోవాల్నా ఆడిబిడ్డా? రెండేండ్లు గా బట్టీ కాడ సచ్చిండు. నువ్వేమో పసుపు దారం గట్టినవ్. ఇప్పుడు నీకు సత్తెం యాదికొచ్చింది."

ఆమె అన్నదాంట్లో ఒక్క తప్పు మాట లేదు. రెండు రోజులు మేము మాట్లాడుకోలేదు. అన్నం మాత్రం నాకు పెట్టే తిన్నది. ఆ రెండు రోజులూ దీపం పెట్టాను కానీ దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఇంతకాలం ఇచ్చినదానికి దండం పెట్టి ఊరుకున్నాను.

నన్ను లోపల తినేసింది ఇంకొకటి. అన్నకు ఈ సంగతి తెలుసా? తెలిసే ఏజెంటుతో అలా చెప్పాడా? కిమ్‌లో అన్నేళ్లు పనిచేసినవాడికి, షెడ్డులో పుట్టినవాడికి డల్ దారం సంగతి తెలియదా? ఆ ప్రశ్న ఎవరినీ అడగలేను.

మూడో రోజు వదిన అన్న డబ్బా సంచీ తీసుకుని వచ్చింది. కిమ్ కార్ఖానాలో అన్న పెట్టెలో ఉండిపోయిన దాన్ని ఎవరో తోటి పనివాడు అప్పుడే తెచ్చి ఇచ్చి పోయాడు. నెలల తరబడి మూసి ఉన్న టిఫిన్ డబ్బా, ఒక తువ్వాలు, ఒక చిన్న జేబు పుస్తకం. వదిన సూరత్‌లో పుట్టి గుజరాతీ చదువుకున్న మనిషి. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు.

"ఆయన రాత. గీ పుస్తకంల నీ లెక్క తప్పని ఉంటది సూడు. ఆయన సరిగనే చేసుంటడు. సదువు," అంది.

పొళ్ల పాళ్లు, బట్టీ వేడి, తేదీలు. లాక్‌డౌన్‌కు ముందు వారం రాసిన ఒక పేజీ దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. వదిన నా మొహం వైపే చూస్తోంది. నేను ఏం చదివితే ఆమె అదే నమ్ముతుంది. ఆ ఒక్క క్షణం గురించి దేవుడి ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను, ఇక్కడా ఒప్పుకుంటాను. వేరేలా చదవాలని నాకు అనిపించింది. ఆమె కోసం కాస్త, నా కోసం చాలా.

ఉన్నది ఉన్నట్టే చదివాను.

"ఒకటి మీద నాది, బ్రైట్ దారం. నాలుగు మీద బజారుది, డల్ దారం. గీ లెక్క సగమే. చెల్లె మనసు నొప్పియ్యలేక దేవుని సాంచాకు వెట్టిన. అద్లాబద్లి చేసి మల్ల నలభై దినాలు ఉరికియ్యాలె. గప్పుడు గాని నిజం తెల్వది."

బయట ఎవరో కూరగాయల బండి అతను "బటాటా, కాందా" అని అరుచుకుంటూ పోయాడు. నేను ఏడుస్తున్నాను. నా మనసు నొప్పించలేక. ఆ ఒక్క మాట కోసం అన్న తన రెండేళ్ల పనిని పక్కకు జరిపి, మళ్లీ సరి చేసుకుందాంలే అనుకున్నాడు. ఆస్పత్రి మంచం మీద నాలుగో నెంబరు నడుస్తోందా అని ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది.

"ఏడ్వకు," అంది వదిన చివరికి. "కన్నులు ఇంకా ఉన్నయా, కొత్తయి?"

"అగ్గిపెట్టెల అయిదున్నయి."

"అయితే చేద్దాం. అద్లాబద్లి. ఎన్ని దినాలన్నడు?"

"నలభై."

"గడువు ఉంది గదా. చేద్దాం."

నాలుగో సాంచా దుమ్ము వదినే దులిపింది. కాక నూనె పోసి, పట్టీ బిగించి నడిపించాడు. ఈసారి అన్న కన్ను ఉన్న నాడె నాలుగో దాని మీద, డల్ దారంతో. బజారు కన్ను ఉన్న నాడె దేవుని సాంచా మీద, బ్రైట్ దారంతో. నేను లెక్క రాశాను. పైన పెద్ద అక్షరాలతో దారం పేరు రాశాను. పసుపు దారం కట్టలేదు. రోజూ పొద్దున రెండు సాంచాలనూ ఒకే గుడ్డతో తుడిచాను.

మొదటి వారంలోనే నాలుగు మీద తెగుళ్లు పెరిగాయి. వదిన సాయంత్రం వచ్చి "ఎన్ని?" అని అడిగేది. చెప్పేదాన్ని. తల ఊపి పైకి పోయేది. మూడో వారం నుంచి అడగడం మానేసింది. కాక కూడా జోకులు మానేశాడు. ఒక రోజు మాత్రం నాడె ఆపి కన్నును వేలితో తడిమి, "సేటూ, నీ కన్ను గూడ బజారు కన్ను లెక్కనే ఉందయ్యా," అన్నాడు, అన్న పక్కన ఉన్నట్టే. తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు.

నలభయ్యో రోజు ముగ్గురం కాంటా దగ్గరికి పోయాము. వజ్రాల ఆయన డబ్బులు వద్దన్నాడు, అప్పుడూ తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోలేదు. బజారు కన్ను దేవుని సాంచా మీద తక్కువే అరిగింది. అన్న కన్ను ముందు పెట్టినప్పుడు ఎంత అరిగిందో, దానికన్నా ఒక్క వెంట్రుక ఎక్కువ. నాలుగు మీద అన్న కన్ను, ముందు బజారు కన్ను ఎంత అరిగిందో దాదాపు అంతే అరిగింది. ఒక్క వెంట్రుక తక్కువ.

"తక్కువనే ఉంది గదా!" అంది వదిన. ఆ వెంట్రుకను పట్టుకోవాలని చూసింది పాపం. నాకూ పట్టుకోవాలనే ఉంది. కానీ పక్క షెడ్డులో డల్ దారం మీద అదే నలభై రోజులు నడిపించమని మేము ముందే తూచి ఇచ్చిన రెండు బజారు కన్నులు కాక జేబులో ఉన్నాయి. వాటినీ తూచాము. రెండూ ఒకే దుకాణంలో కొన్నవి, ఒకే దారం మీద నడిచినవి. ఆ రెండింటి మధ్యే అంతకంటే ఎక్కువ తేడా ఉంది.

లెక్కలన్నీ, పాతవీ కొత్తవీ, జేబు పుస్తకం పేజీతో సహా ఏజెంటుకు పంపాను. మరునాడు ఆయనే ఫోన్ చేశారు.

"బెన్, సగం అన్నది పోయింది. అసలు తేడా ఉందని చెప్పడానికి కూడా ఇవి చాలవు. పైగా దరఖాస్తులో రెండు పాళ్ల నుంచి పది పాళ్ల దాకా ఆ రెండో పొడి ఎంత కలిపినా ఇదే మేలు అని రాసుకున్నాం. మీ అన్న చేసింది నాలుగు పాళ్లది ఒక్కటే. అది నా తొందర." అని ఒప్పుకున్నారు. "పాత పుస్తకం ఒక్కటే పంపి సంతకం పెట్టి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"మాకు తెల్సేది సార్," అన్నాను హిందీలో.

జవాబు ఇవ్వకపోతే గడువు తీరాక దరఖాస్తు దానంతట అదే పోతుందని చెప్పారు. ఫోన్ స్పీకర్ మీద ఉంది. వదిన వింటోంది. ఆమె వైపు చూశాను. నిర్ణయం ఆమెది.

"పోనీయమను," అంది. లేచి వంటింట్లోకి పోయింది. కుక్కర్ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

ఆమె తిరిగి వచ్చేసరికి నేను అన్న జేబు పుస్తకం మూసి సంచీలో పెట్టబోతున్నాను. "ఆగు," అంది. "ఆయన రాసిండు గదా, అద్లాబద్లి చేయాలెనని. దాని కింద రాయి. చేసినమని రాయి. తెలుగులనే రాయి."

పెన్ను తీసుకున్నాను. అన్న రాత కింద కాస్త ఖాళీ ఉంది. తేదీ వేసి, రెండు తూకాల అంకెలు వేసి, "చేసినం" అని రాశాను. వదిన వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇది ఏం, ఇది ఏం అని ఒక్కొక్కటీ అడిగింది. చెప్పాను.

తూకం అయ్యాక అన్న కన్నును మళ్లీ అదే నాడెకు బిగించాము. నాలుగో నెంబరు మీద, డల్ దారంతో, గాడి పడేదాకా నడిచింది. తర్వాత మిగతా వాటి లాగే దాన్నీ మార్చాము. అది ఈ అగ్గిపెట్టెలో ఉంది. మిగిలిన నాలుగూ కొత్తవి, అదొక్కటే గాడి పడ్డది. వేలితో తడిమితే తెలుస్తుంది.